లేఔటు మట్టి చెరువుకు చేరకముందే



ఈ సంచికకు ఏదైనా రాయమని ట్రస్టు కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు, మట్టి గురించి రాస్తానన్నాను. ఆయన కాసేపు ఊరుకొని "మట్టా? పిల్లలకు కోర్సుల గురించి రాస్తే బాగుంటుంది గదా" అన్నారు. కోర్సుల సంగతి చివర రాస్తానని ఒప్పించాను. నేను సివిల్ ఇంజనీరును. డిప్లొమా మొదటి ఏడాది ఫీజు నాకు కూడా ఈ ట్రస్టే కట్టింది. ఆ చదువుతో దొరికిన మొదటి ఉద్యోగంలో నేను చూసిన ఒక నష్టం గురించి, దానిని ఆపే పద్ధతుల గురించి ఇక్కడ వివరిస్తాను. మన ఊళ్ల చుట్టూ ఇప్పుడు లేఔట్లు, గోడౌన్లు, కల్యాణ మండపాలు ఎన్ని లేస్తున్నాయో మీరే చూస్తున్నారు. కనుక ఇది సివిల్ చదివే పిల్లలకే గాక, సైటు కొని ఇల్లు కట్టుకోబోయే తల్లిదండ్రులకు కూడా పనికివస్తుందని నా నమ్మకం.

2009లో నేను చింతామణి వైపు ఒక ప్రైవేటు లేఔటులో సైటు ఇంజనీరుగా చేరాను. ఆరు ఎకరాల మెట్ట భూమి. కాస్త వాలుగా ఉండేది. డోజరు అద్దెకు వచ్చింది కదా అని, వాడే పది రోజుల్లోనే ఆరు ఎకరాలనూ ఒక్కసారిగా చదును చేయించారు. గడ్డి, కంప, తుమ్మచెట్లు అన్నీ పోయాయి. పైమట్టి ట్రాక్టర్లకు అమ్మేశారు. కింది ఎర్రమన్ను బయటపడింది. "దిగువన ఒక గుంట తవ్వి నీరు అక్కడ నిలిచేటట్లు చేద్దాం సార్" అని నేను ఒకసారి అన్నాను. "మోరీలు కడతాం కదా, అప్పుడు చూద్దాం" అన్నారు. నేను మళ్లీ అడగలేదు. కొత్త ఉద్యోగం, నెల జీతం.

అక్టోబరులో ఒక రాత్రి సుమారు రెండు అంగుళాల వాన పడింది. తెల్లవారి పోయి చూస్తే, మా సైటు కింద ఉన్న ఇరవై గుంటల మల్బరీ తోటలో సగం ఎర్రగా ఉంది. నీరు మోకాలి లోతున పారిపోయి రెండు అంగుళాల బురద మిగిల్చింది. చెట్ల కింది ఆకంతా మట్టి పూత. తోట ఒక ముసలి దంపతులది. వాళ్ల ఇంట్లో పురుగులు నాలుగో జ్వరం లేచి ఉన్నాయి. పట్టు పెంచే ఇళ్లవారికి దీని అర్థం చెప్పనక్కరలేదు. తెలియనివారి కోసం చెబుతాను: పట్టుపురుగు తన జీవితంలో తినే ఆకులో 80 శాతానికి పైగా ఈ చివరి వారంలోనే తింటుంది. మట్టి అంటిన ఆకు పెడితే రోగం వస్తుంది. ఆ బురదలో కాలు పెట్టి మంచి ఆకు కోయడానికి కూడా మూడు రోజులు వీలు కాలేదు. వాళ్లు అప్పు చేసి పక్కఊరి నుండి ఆకు కొన్నారు. అయినా పంట సగమే దక్కింది.

ఆ అవ్వ నన్ను తిట్టలేదు. "మీ మన్ను మీరు ఎత్తుకొని పోండప్పా, మా ఆకు మాకు ఇయ్యండి" అన్నది, అంతే. మా వాళ్లు జేసీబీ పంపి బురద ఎత్తించారు. పురుగుల సంగతి ఎవరూ ఎత్తలేదు.

మా ఇంట్లోనూ పట్టుపురుగులే. నేను చదివింది ట్రస్టు డబ్బుతోనూ ఆ గూళ్ల డబ్బుతోనూ. అందుచేత ఈ సంగతి మా నాన్నకు ఏడాది వరకు చెప్పలేకపోయాను. చెప్పిన రోజు ఆయన ఒక్క ప్రశ్న అడిగారు. "నువ్వు చెప్పిన గుంట తవ్వి ఉంటే ఆగేదా?"

నాకు అప్పుడు జవాబు తెలియదు. పుస్తకాలు తీసి లెక్క వేశాను. ఆ లెక్క చూపించే ముందు, మన ప్రాంతంలో ఈ మట్టి ఎక్కడికి పోతుందో చెప్పాలి.

మన చిక్కబళ్ళాపురం జిల్లాకు (2007లో కోలారు నుండి విడిపోయినది) ఏడాది పొడుగునా పారే నది లేదు. నంది కొండల చుట్టుపక్కల ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, చిత్రావతి, పాపాఘ్ని, పాలారు, అర్కావతి పుడతాయని బడిలో చదువుకొన్నాము. కాని అవి మన దగ్గర వాన వచ్చినప్పుడే పారే వంకలు. ఏడాదికి పడేది సుమారు 700 మిల్లీమీటర్ల వాన. అందులో చాలా భాగం సెప్టెంబరు, అక్టోబరులలో కొన్ని గట్టి వానలుగా పడుతుంది. అందుకే మన పెద్దలు గొలుసుకట్టు చెరువులు కట్టారు. ఒక చెరువు మరవ పారితే ఆ నీరు కాలువ వెంట దిగువ చెరువుకు చేరును. చిక్కబళ్ళాపురంలో కందవార చెరువైనా, చింతామణిలో కన్నంపల్లి చెరువైనా ఇలాంటి గొలుసులోనివే. బాగేపల్లి మీదుగా పోయే చిత్రావతి సరిహద్దు దాటి పుట్టపర్తి, బుక్కపట్నం, ధర్మవరం వైపు సాగి పెన్నలో కలుస్తుంది. కాబట్టి ఒక లేఔటు నుండి కొట్టుకుపోయిన మట్టి గాలిలో కలిసిపోదు. ముందు మోరీలో, తరువాత రాజకాలువలో, ఆపైన చెరువులో చేరుతుంది.

"చెరువు మన్ను పొలానికి మంచిదే కదా, వేసవిలో ఎత్తుకొని తోలుకొంటాము కదా" అని కొందరు పెద్దలు నాతో అన్నారు. నిజమే. కాని అది పొలాల పైమట్టి, ఆకు, పేడ, పెంట కలిసి ఏళ్లతరబడి పేరుకొన్న ఒండ్రు. సైటు నుండి వచ్చేది సత్తువ లేని కిందిమన్ను. దానితోపాటు సిమెంటు, పెయింటు డబ్బాలు, ప్లాస్టిక్కు సంచులు. పైగా అందులోని మెత్తటి బంక కణాలు చెరువు అడుగున పొరగా పరచుకొని నీరు ఇంకకుండా చేస్తాయి. చెరువు నిండినట్టే కనిపిస్తుంది, చుట్టూ బోర్లలో మాత్రం నీరు లేవదు. వెయ్యి అడుగులు దాటినా బోరు పడని ఊళ్లు మన జిల్లాలో ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. బెంగళూరు నుండి శుద్ధి చేసిన నీటిని పైపుల ద్వారా తెచ్చి మన చెరువులు నింపుతున్నారంటే అవసరం ఎంత ఉందో గ్రహించవచ్చు. అట్లా డబ్బు పెట్టి నింపే చెరువులోనే మనం మట్టి కూడా నింపుతున్నాము.

పూడిక ఏం చేయగలదో పెద్ద ఎత్తున చూడాలంటే తుంగభద్ర డ్యాము ఉన్నది. 1953లో సుమారు 133 టీఎంసీల నీరు పట్టిన ఆ జలాశయం నేడు 105 టీఎంసీల చిల్లర మాత్రమే పడుతున్నది. అక్కడి మట్టి కట్టడాలది కాదు, విశాలమైన పరీవాహక భూములది. అయినా చేరిన మట్టిని తిరిగి ఎత్తడం ఎంత కష్టమో దాని వల్ల తెలుస్తుంది.

ఇక లెక్కకు వద్దాము. పదో తరగతి పిల్లలు కూడా చేయగల లెక్క ఇది.

ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఎకరానికి 4,047 చదరపు మీటర్లు. రెండు అంగుళాలంటే సుమారు 50 మిల్లీమీటర్లు. అంటే ఎకరానికి రెండు లక్షల లీటర్లు, ఆరు ఎకరాలకు పన్నెండు లక్షల లీటర్లు. గడ్డి, చెట్లు ఉన్న నేలైతే అందులో చాలా భాగం ఇంకిపోతుంది. డోజరు తొక్కి గట్టిపడిన ఎర్రనేల మీద 60 శాతం పారిపోయిందనుకొందాము. ఏడు లక్షల లీటర్లు దాటుతుంది. 5,000 లీటర్ల ట్యాంకర్లు సుమారు 145 వరుసగా నిలబెట్టి ఒకే రాత్రి ఆ తోట వైపు వదిలినట్టు.

ఇప్పుడు మన్ను. పది గుంటల మీద రెండు అంగుళాల బురద అంటే సుమారు 50 ఘనమీటర్లు. దానిని తిరిగి ఆరు ఎకరాల మీద సమంగా పరిస్తే ఎంత మందం వస్తుందో తెలుసా? రెండు మిల్లీమీటర్లు. ఒక పలుచటి చపాతీ మందం. సైటులో నిలబడి చూస్తే అంత మన్ను పోయిందని ఎవరూ కనిపెట్టలేరు. మా మేనేజరుగారు కూడా "మన సైటులో ఏమీ కోసుకుపోలేదే" అని నిజాయితీగానే అన్నారు. నష్టం పుట్టిన చోట కనపడదు, చేరిన చోట కనపడుతుంది. ఈ పనిలో ఉన్న చిక్కు ఇదే.

ఈ మన్ను ఎట్లా లేస్తుంది? పెద్ద వాన చినుకు గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో నేలను కొడుతుంది. గడ్డి ఉంటే ఆ దెబ్బ గడ్డి తింటుంది. లేకుంటే మట్టి గడ్డ పగిలి కణాలు విడిపోతాయి. మెత్తటి కణాలు నేల రంధ్రాలను మూసివేస్తాయి, అందుచేత నీరు ఇంకడం ఇంకా తగ్గి పారడం పెరుగుతుంది. పారే నీరు వాలు మీద వేగం పుంజుకొంటుంది. నీటి వేగం రెండింతలైతే అది దొర్లించగల రాయి బరువు 64 రెట్లు అవుతుందని ఒక పాత సూత్రం ఉన్నది. అందుకే పైన పలుచగా పారిన నీరు కిందికి వచ్చేసరికి గండ్లు కోస్తుంది. అమెరికా పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం, కట్టడాలు జరిగే చోట నుండి కొట్టుకుపోయే మట్టి సేద్యపు భూముల కంటే 10 నుండి 20 రెట్లు ఎక్కువ, అడవి నేలల కంటే 1,000 నుండి 2,000 రెట్లు ఎక్కువ.

నీటిలో కలిసిన మన్ను తిరిగి దిగడానికి ఎంతసేపు పడుతుంది? విద్యార్థులు ఇంట్లోనే చేసి చూడదగిన ప్రయోగం ఒకటి చెబుతాను. ఒక లీటరు ఖాళీ సీసాలో రెండు చెంచాల ఎర్రమన్ను వేసి, నీరు నింపి, బాగా కుదిపి గోడ పక్కన పెట్టండి. ఇసుక మీరు చూస్తుండగానే అడుగుకు పోతుంది. సాయంత్రానికి మరొక పొర ఏర్పడుతుంది. కాని పైనీరు మాత్రం రెండు మూడు రోజులైనా టీ రంగులోనే ఉంటుంది. స్టోక్స్ సూత్రం ప్రకారం లెక్కవేస్తే, ఒక మీటరు లోతు దిగడానికి 0.1 మిల్లీమీటరు సన్న ఇసుకకు సుమారు రెండు నిమిషాలు, 0.01 మిల్లీమీటరు ఒండ్రు కణానికి సుమారు మూడు గంటలు, 0.001 మిల్లీమీటరు బంక కణానికి సుమారు 13 రోజులు. కణం పదో వంతు అయితే కాలం నూరు రెట్లు.

మన అవ్వలు బురద నీటిని తేర్చడానికి కడవ లోపల చిల్లగింజ అరగదీసేవారు. కొందరు పటిక తిప్పేవారు. బంక కణాలన్నిటికీ ఋణ విద్యుదావేశం ఉంటుంది. అందుచేత ఒకదానినొకటి నెట్టుకొంటూ తేలుతుంటాయి. పటికలోని అల్యూమినియం ధనావేశంతో వాటిని కలిపి ముద్దలు చేస్తుంది, ముద్ద బరువెక్కి దిగుతుంది. మీ సీసాలో చిటికెడు పటిక వేసి చూడండి. కాని సైటులో లక్షల లీటర్లకు ఈ ఉపాయం చేయబోతే మోతాదు తప్పి నీటిలో ఆమ్ల గుణం పెరిగి చేపలకు హాని కలుగును. కనుక బంకమన్ను ఒకసారి నీటిలో కలిసిందంటే సైటువాడు ఓడిపోయినట్టే అనుకోవాలి. దానిని నేల మీదనే ఉంచాలి.

అందువల్ల పని వరుస ఇట్లా ఉండాలి. మొదటిది, ఒకేసారి అంతా చదును చేయకపోవడం. ఆరు ఎకరాలుంటే రెండు ఎకరాలు తీసి, అక్కడ రోడ్డు, మోరీ వేసి, ఆ తరువాత మరో రెండు. డోజరు రెండు మూడుసార్లు రావలసి వస్తుంది, ఆ అద్దె కొంచెం ఎక్కువ అవుతుంది. నా అనుభవంలో కాంట్రాక్టర్లు ఒప్పుకోనిది ఈ ఒక్క ఖర్చే. గట్టిగా వాదించవలసిందీ దీని కోసమే. కుదిరితే మట్టి పనులు జనవరి నుండి మే లోపల ముగించుకోవాలి.

రెండోది, ఎగువ పొలాల నుండి వచ్చే నీరు సైటులోకి రాకుండా పైగట్టున మళ్లింపు కాలువ తీసి పక్కనుండి వంకలోకి వదలడం. ఆ నీరు తేటగానే ఉంటుంది, మన సైటులో దూరితేనే ఎర్రబడుతుంది. ఈ కాలువ తవ్వడానికి ఒక పూట పని. అయినా పది సైట్లు చూస్తే రెండింటిలో కూడా ఉండదు.

మూడోది, తీసిన పైమట్టిని అమ్ముకోకుండా ఒక మూల కుప్ప పోసి కప్పి ఉంచడం. పార్కుకు, చెట్లకు చివరికి అదే కావాలి. అప్పుడు కొనబోతే దొరకదు. పని ఆగిన వాలు నేల మీద రాగి గడ్డి గాని, ఏ ఎండుగడ్డి గాని పరచాలి. వాన తడి ఉంటే ఉలవలు చల్లవచ్చు, పది రోజుల్లో పచ్చబడుతుంది. గట్లకు గరిక, వట్టివేరు మంచివి. "లేఔటులో ఉలవలేంది సార్" అని మేస్త్రీ నవ్వాడు. డిసెంబరులో ఆ ఉలవలు కోసుకుపోయింది అతనే.

నాలుగోది గేటు. టిప్పరు చక్రాలకు అంటిన బురద రోడ్డెక్కుతుంది. జాతీయ రహదారి 44 పక్కన ఇలాంటి బురదలో స్కూటర్లు జారిపడడం నేను కళ్లారా చూశాను. గేటు దగ్గర 50 అడుగుల పొడవున లావు రాళ్ల జల్లి మందంగా పరిస్తే చక్రాల మట్టి అక్కడే రాలిపోతుంది.

ఐదోది, పారే కాలువల్లో అక్కడక్కడ రాళ్ల అడ్డుకట్టలు. కట్ట నడుమ కొంచెం పల్లంగా ఉండాలి. లేకుంటే నీరు పక్కల నుండి ఒడ్డు కోస్తుంది. వాలు అంచున గుడ్డ కంచె కూడా కడతారు, ఇంజనీర్లు దీనిని సిల్ట్ ఫెన్స్ అంటారు. దీని గురించి ఒక మాట చెప్పక తప్పదు. మన దగ్గర వెదురు కర్రలకు పచ్చ నెట్టు కట్టి ఫొటో తీసుకొని దానినే సిల్ట్ ఫెన్స్ అంటున్నారు. ఆ నెట్టు నీడకు పనికివస్తుంది, మట్టికి కాదు. జియోటెక్స్‌టైల్ గుడ్డ కావాలి, దాని అంచు ఆరు అంగుళాలు నేలలో పూడ్చాలి, కంచె వాలుకు అడ్డంగా సమమట్టంలో ఉండాలి. వంకకు అడ్డంగా కడితే మొదటి వానకే కొట్టుకుపోతుంది.

చివరికి మడ్డి గుంట. చివరిది అంటున్నాను గాని తవ్వవలసింది మాత్రం అన్నిటికంటే ముందు, డోజరు దిగిన రోజునే. అమెరికా నిబంధనల్లో ఒక ఎకరం నుండి నీరు వచ్చే గుంటకు 3,600 ఘనపుటడుగుల కొలత ఉన్నది. సుమారు లక్ష లీటర్లు. మా ఆరు ఎకరాలకు ఆరు లక్షల లీటర్లు. ఒకటిన్నర మీటరు లోతున తవ్వితే 29 మీటర్ల పొడవు, 14 మీటర్ల వెడల్పు, అంటే నాలుగు గుంటల జాగా. 240 గుంటల లేఔటులో నాలుగు గుంటలు! లేఔటులో పార్కుకు ఎలాగూ జాగా వదలాలి. దిగువన ఉన్న పార్కు జాగాను రెండేళ్లపాటు మడ్డి గుంటగా వాడి, తరువాత పూడ్చి చెట్లు నాటవచ్చు. జేసీబీకి రెండు రోజుల పని. నీరు ఒక కొసన చేరి రెండో కొసన పోవాలి. పోయే పైపు అడుగున కాకుండా, పైనీరు మాత్రమే దిగేటట్టు నిలువుగా ఉండాలి, చుట్టూ జల్లి పోయాలి. అధిక నీటికి రాళ్లు పరచిన మరవ ఒకటి. చేరే చోట చిన్న ముందు గుంట తవ్వితే ఇసుక అక్కడే ఆగి ఎత్తడం సులువు. సగం నిండగానే పూడిక తీయాలి. పిల్లలు, పశువులు పడకుండా చుట్టూ కంచె తప్పనిసరి. ఇందులో రాజీ పడకూడదు.

ఇప్పుడు మా నాన్న ప్రశ్నకు జవాబు. గుంట ఒక్కటే తవ్వి ఉంటే ఇసుక, ఒండ్రులో ఎక్కువ భాగం ఆగేది. తోటలో పడిన రెండు అంగుళాల బురద పడేది కాదు. 145 ట్యాంకర్ల నీరు ఒక్క ఊపున గాక మెల్లగా పోయేది, కనుక మోకాలి లోతు వచ్చేది కాదు. కాని వెళ్లే నీరు ఎర్రగానే ఉండేది, చెరువుకు బంకమన్ను చేరేది. ఆయనకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. చదివి, మడిచి జేబులో పెట్టుకొన్నారు. ఏమీ అనలేదు.

నీటిని పైన పట్టి మెల్లగా వదలడమనే ఆలోచన మనకు కొత్తది కాదు. మన ముద్దేనహళ్ళిలో పుట్టిన సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1908 మూసీ వరదల తరువాత హైదరాబాదుకు వెళ్లి ఇదే సూచించారు: నగరానికి ఎగువన వరదను నిలిపే జలాశయాలు కట్టమని. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ అట్లా వచ్చినవే. ఏటా సెప్టెంబరు 15న మన జిల్లాలో ఆయన విగ్రహాలకు దండలు వేస్తాము. సరిగ్గా మన గట్టి వానలు మొదలయ్యే రోజులవి. దండ వేసిన ఇంజనీర్లు ఆ రోజే తమ సైటు దిగువ అంచుకు ఒకసారి పోయి చూస్తే బాగుంటుంది.

2021లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఆగస్టు 24 రాత్రి వానకు నంది కొండ దారిలో కొండచరియ జారి, మట్టి, రాళ్లు రోడ్డును మూసేశాయి. రాకపోకలు నెలల తరబడి ఆగిపోయాయి. అదే ఏడాది అక్టోబరు, నవంబరు వానలకు చాలా చెరువులు ఏళ్ల తరువాత మరవ పారాయి. ముప్ఫై ఏళ్లుగా పొడిగా ఉన్న కాలువ కాలువే కాదనుకొని మట్టి పోసి చదును చేసినవారు ఆ నెలలో నీటిని ఇంట్లోనే చూశారు. సైటు కొనబోయే తల్లిదండ్రులకు నా మనవి: అమ్మేవాడు చూపే రంగుల ప్లానుతో తృప్తిపడకండి. గ్రామ పటంలో కాలువ ఎటు పోయిందో చూడండి. వాన పడిన మర్నాడు ఒకసారి ఆ జాగాకు పోయిరండి.

ఇల్లు కట్టే చోట కూడా ఇదే సూత్రం, చిన్న కొలతలో. 30 బై 40 సైటుకు ఎం శాండు, జల్లి దిగేది ఎక్కడ? మోరీ పక్కన రోడ్డు మీద. మొదటి వానకు అది మోరీలోకి పోతుంది. మోరీ మూసుకొని దోమలు, పక్కింటివారితో గొడవ. కుప్ప చుట్టూ రెండు వరుసల ఇటుకలు పేర్చి, రాత్రి టార్పాలిన్ కప్పండి. మీరు డబ్బు పెట్టి కొన్న ఇసుక మీకే మిగులుతుంది. కాంక్రీటు మిక్సరు కడిగిన నీరు మోరీలోకి వదలనివ్వకండి. దానిలో సున్నపు గుణం చాలా ఎక్కువ, చేతులు పొక్కుతాయి, చేపలు చస్తాయి. ఒక మూల గుంత తీసి ప్లాస్టిక్కు షీటు పరచి అందులో కడగమనండి.

ఇవన్నీ చట్టం చూసుకోదా అని అడగవచ్చు. 2006 నోటిఫికేషను ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపై విస్తీర్ణం గల భవనాలకు ముందుగా పర్యావరణ అనుమతి కావాలి. మన తాలూకా ఊళ్లలో లేచే కట్టడాలు చాలావరకు అంతకు లోపలే. అందుచేత ఈ ప్రశ్న అడిగేవారు అరుదు. అమెరికాలో ఎకరం దాటితే చాలు, వాననీటి ప్రణాళిక రాసి అనుమతి తీసుకోవాలి. సింగపూరులో సైటు నుండి బయటికిపోయే నీటిలో లీటరుకు 50 మిల్లీగ్రాములకు మించి మట్టి ఉండరాదు. ఆ ప్రణాళిక తయారు చేయడానికి ప్రత్యేక అర్హత పొందిన ఇంజనీరు ఉండాలి.

కార్యదర్శిగారికి మాట ఇచ్చిన కోర్సుల సంగతి ఇక్కడే వస్తుంది. మన పిల్లలు సింగపూరుకు, గల్ఫుకు, అమెరికాకు సివిల్ పనుల మీద పోతూనే ఉన్నారు. అక్కడ మొదటి రోజే చేతికిచ్చే కాగితాల్లో ఈ ప్రణాళిక ఒకటి. డిప్లొమాలో గాని బీఈలో గాని సర్వేయింగు, హైడ్రాలజీ, సాయిల్ మెకానిక్స్ చదివేటప్పుడు వీటిని మూడు వేరు పేపర్లుగా చూడకండి. ఈ పనికి మూడూ కావాలి. ఐటీఐ సర్వేయరు కోర్సు చేసినవారికి కూడా ఇందులో చోటుంది. మట్టం తెలియనివాడు కాలువ తవ్వలేడు. ఇంటర్న్‌షిప్పుకు పోయినచోట "ఈ సైటు నీరు ఏ చెరువుకు పోతుంది?" అని అడగండి. ఎవరికీ తెలియకపోతే మీరే నడిచి వెళ్లి చూసి రండి. రిపోర్టులో రాయడానికి అంతకంటే మంచి మొదటి పేజీ దొరకదు.

ప్రస్తుతం నేను బాగేపల్లి దగ్గర నాలుగు ఎకరాల పని చూస్తున్నాను. మడ్డి గుంటను డోజరు కంటే ముందు తవ్వించాము. ఈసారి యజమాని ఒప్పుకోవడానికి రెండు సిట్టింగులు పట్టింది. మన ట్రస్టు విద్యార్థి ఒకడు ఇంటర్న్‌షిప్పుకు వచ్చి ప్రతి వాన తరువాత కర్ర ముంచి లోతు రాసుకొంటున్నాడు. నిన్నటికి మూడు గట్టి వానలు. రెండు అడుగుల ముందు గుంటలో అడుగు మడ్డి చేరింది. సోమవారం జేసీబీ వస్తుంది.